ఫ్లాష్‌బ్యాకు లేని హీరో

ఈ మధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు లంచ్ టేబుల్ దగ్గర "అన్నా, మీదే ఊరు?" అని అడిగాడు. "హిందూపురం" అన్నాను. వాడు రెండు క్షణాలు నన్ను ఎగాదిగా చూసి, "అంటే సీమేగా... మిమ్మల్ని చూస్తే అట్లా అనిపించదే!" అన్నాడు. పాపం, మెచ్చుకుందామనే అన్నాడు.

"అట్లా" అంటే ఎట్లాగో నాకు తెలుసు. మీకూ తెలుసు. తెల్ల చొక్కా, మెలేసిన మీసం, వెనకాల పది సుమోలు. నేనేమో బట్టతల, కళ్ళజోడు, వీపున లాప్‌టాప్ బ్యాగు. ఈ వృత్తిలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. కంపెనీలు మారాయి, ఊళ్ళు మారాయి, ఈ ప్రశ్న మాత్రం మారలేదు. మొదటి ఉద్యోగంలో ఒక మేనేజరు మీటింగులో అందరి ముందూ "ఇతని కోడ్ రివ్యూ చేసేటప్పుడు జాగ్రత్త, బ్యాగులో బాంబులుంటాయి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాం!

ఆ రోజు సాయంత్రం హిందూపురం ప్యాసింజరు ఎక్కాక కూడా కుర్రాడి మాటే బుర్రలో తిరిగింది. మనం నోరు విప్పకముందే మన పరిచయం ఎవరో చేసేసి ఉంటారు. మా విషయంలో చేసింది సినిమావాళ్ళు. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పరిచయాన్ని తిరగేసి చూపించింది కూడా ఒక సినిమానే. అది రాజమౌళి తీసిన 'మర్యాద రామన్న' (2010). ఈ గోలంతా దాని మొదటి ఇరవై నిమిషాల గురించి.

ముందు మన తెలుగు సినిమాలో హీరో పరిచయం ఎట్లా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. అదొక ప్రొసీజరు. విలన్లు ఎవరినో ఏడిపిస్తుంటారు. బండి వచ్చి ఆగుతుంది. ముందు బూటు కనబడుతుంది, తరవాత చెయ్యి, ఆ తరవాత వీపు. మొహం కనబడేసరికి హాల్లో కాగితాలు ఎగరడం కూడా అయిపోతుంది. ఇంకో పది నిమిషాల్లో పాట. ఇందులో ఆ మనిషి గురించి మనకు తెలిసిందేమిటి? ఏమీ లేదు. ఆ నటుడి గురించి ముందే తెలిసినదాన్ని మళ్ళీ ఒకసారి చెప్పారంతే.

కామెడీ సినిమాకి ఈ సుఖం లేదు. అక్కడ మనిషి ఎవరో చెప్పి తీరాలి, లేకపోతే నవ్వు రాదు. 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే సీను చూశాక, లక్ష్మీపతి పిసినారి అని ఇంకెవరూ మనకు చెప్పనక్కరలేదు. ఒక్క పని చూపించారు, మనిషి మొత్తం దొరికాడు. జంధ్యాల గారి గొప్పతనం అది.

ఇప్పుడు మా సీమ సినిమాలకొద్దాం. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002). వీటిలో గమనిస్తే ఒక తమాషా కనబడుతుంది. హీరోకి రెండు పరిచయాలుంటాయి. సమరసింహారెడ్డి మొదట పేరు మార్చుకుని హోటల్లో పనిచేస్తుంటాడు. నరసింహనాయుడు డాన్సు నేర్పుతుంటాడు. ఇంద్రసేనారెడ్డి కాశీలో టాక్సీ నడుపుతుంటాడు. అది ఉత్తుత్తి పరిచయం. అసలు పరిచయం ఫ్లాష్‌బ్యాకులో వస్తుంది, సుమోలతో, కత్తులతో. ఇంతకు ముందు 'బాషా' (1995)లో ఆటో డ్రైవరుకీ ఇదే జరిగింది, మనవాళ్ళు దాన్ని సీమకి పోర్ట్ చేశారు.

దీంట్లో ఒక తిరకాసుంది. ఈ కథలన్నీ మనకు నేర్పింది ఏమిటంటే, సీమవాడు టాక్సీ నడుపుతున్నా, పాత్రలు కడుగుతున్నా నమ్మొద్దు, అది వేషం, లోపల కత్తి ఉంటుంది అని. మా కుర్రాడు నన్ను ఎగాదిగా చూసింది అందుకే. వాడు నా ఫ్లాష్‌బ్యాకు కోసం వెతుకుతున్నాడు. నా ఫ్లాష్‌బ్యాకులో ఉన్నదల్లా ఇంజనీరింగులో తప్పిన రెండు సబ్జెక్టులు :-)

(అన్నట్టు, ఆ సమరసింహారెడ్డిగా నటించిన బాలకృష్ణ గారే 2014 నుంచి మూడు ఎన్నికల్లో వరసగా హిందూపురం నుంచి శాసనసభకు గెలిచారు. అంతకు ముందు 1985 నుంచి ఎన్టీఆర్ గారు కూడా ఇక్కడినుంచే గెలుస్తూ వచ్చారు. సినిమాకీ మా ఊరికీ ఉన్న చుట్టరికం అట్లాంటిది. కాబట్టి నేను సినిమాలను తిట్టి ఊళ్ళోకి వెళ్ళలేను!)

సరే, 'మర్యాద రామన్న'. 2010 జూలైలో విడుదలైంది. నాయనతో కలిసి హిందూపురంలోనే చూశాను. సినిమా మొదలవడం మామూలు ఫ్యాక్షన్ సినిమాలాగే మొదలైంది. రెండు కుటుంబాలు, ఒక పగ. రామినీడు తమ్ముడు చనిపోతాడు, ఇటు హీరో తండ్రి చనిపోతాడు. తల్లి పసిబిడ్డను ఎత్తుకుని ఊరు విడిచి పారిపోతుంది. ఆ బిడ్డ ఎప్పటికైనా చేతికి దొరక్కపోతాడా అని అవతలివాళ్ళు శపథం పడతారు. హాల్లో ఈలలు మొదలయ్యాయి. ఆ బిడ్డ పెద్దవాడై ఎట్లా దిగుతాడో అందరికీ తెలుసు కదా, బూటు, చెయ్యి, వీపు...

దిగింది సైకిలు. దాని మీద సరుకు, దాన్ని తొక్కలేక తొక్కుతున్న సునీల్. పైగా ఆ సైకిలు మాట్లాడుతుంది, రవితేజ గొంతుతో. మాస్ హీరో గొంతు సైకిలుకిచ్చి, సైకిలు తొక్కేవాణ్ణి హీరోగా పెట్టారు. రాముకి అమ్మానాన్నా లేరు. హైదరాబాదులో సైకిలు మీద బరువులు మోసి బతుకుతున్నాడు. స్పీడు చాల్లేదని ఉన్న పని కాస్తా పోతుంది. ఆటో కొనుక్కుంటే తప్ప గతి లేదు, ఆటోకి డబ్బు లేదు. సరిగ్గా అప్పుడు సీమలో తనకు ఐదెకరాల భూమి ఉందని తెలుస్తుంది. అమ్ముకుందామని రైలెక్కుతాడు. పరిచయం అయిపోయింది. వీడికి ఏం కావాలో తెలిసింది (ఒక ఆటో), ఏం చేతకాదో తెలిసింది (దాదాపు అన్నీ), ఏం తెలియదో కూడా తెలిసింది. ఈ మూడోదే అసలు కిటుకు.

మొదట చూపించిన ఆ పగ గురించి హాల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. రాముకి తెలియదు. మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు క్లయింటుకిచ్చారు, మేనేజరుకిచ్చారు, పక్క టీముకి కూడా ఇచ్చారు, కోడు రాసేవాడికి మాత్రం ఇవ్వలేదు. వాడు ఈల వేసుకుంటూ డెడ్‌లైను వైపు నడిచిపోతున్నాడు. ఇక వాడేం చేసినా నవ్వొస్తుంది, గుండె కూడా గుబగుబలాడుతుంది. రైల్లో పరిచయమైన అమ్మాయి ఎవరింటి పిల్లో మనకి తట్టినప్పుడు ఇంకొంచెం ఎక్కువ నవ్వొస్తుంది.

తెలిసినవాళ్ళకి తెలిసిందే, ఈ కథకి మూలం బస్టర్ కీటన్ తీసిన మూకీ 'అవర్ హాస్పిటాలిటీ' (1923). నేను దాన్ని చాలా ఆలస్యంగా చూశాను. చూస్తే అక్కడా ముందు ఒక తుఫాను రాత్రి, రెండు కుటుంబాల పగ, ఇద్దరి చావు, బిడ్డతో తల్లి పారిపోవడం. నవ్వన్నదే లేకుండా సీరియస్‌గా తీశాడు. ఆ తరవాత 1830 నాటి న్యూయార్కు వీధుల్లో కీటన్ ప్రత్యక్షమయ్యేది దేని మీదనుకున్నారు? సైకిలు లాంటిదాని మీదే! పెడళ్ళు లేని కాలం నాటి బండి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. రామన్న సైకిలుకి అది తాత అన్నమాట. అతనూ ఆస్తి కోసం రైలెక్కుతాడు, ఆ రైలు కూడా స్టీఫెన్‌సన్ రాకెట్ ఇంజను నమూనాతో చేసిన బొమ్మ రైలు లాంటిది.

అయితే "కాపీ" అని కొట్టిపారేసే ముందు ఒక్క తేడా చూడండి. కీటన్ బయల్దేరే ముందు పిన్ని అతనికి పగ సంగతి మొత్తం చెప్పి జాగ్రత్తలు చెబుతుంది. అతనికి తెలుసు. మన రాముకి ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క లైను తీసెయ్యడంతో సినిమా మొదటి భాగం స్వరూపమే మారిపోయింది. నా మట్టుకు నాకు కీటన్ చేసిన విన్యాసాల ముందు ఇంకెవరూ ఆనరు. కానీ పరిచయం వరకూ మాత్రం మనదే ఒక మెట్టు పైన అనిపిస్తుంది. ఆ తరవాత దీన్ని కన్నడంలో, బెంగాలీలో, హిందీలో ('సన్ ఆఫ్ సర్దార్', 2012), తమిళంలో, మలయాళంలో తీసుకున్నారు. ఊరు పేరు మార్చితే చాలు, పగలు లేని రాష్ట్రం ఏదీ లేదు!

ఇంటర్వెల్లో మా వెనక వరసలో ఒకతను పక్కవాడితో "ఫ్లాష్‌బ్యాకు ఇంగా రాలేదేందప్పా?" అన్నాడు. నాకు బాగా గుర్తుండిపోయిన మాట. అతను సునీల్ ఎప్పుడు చొక్కా చింపుతాడా అని చూస్తున్నాడు. కానీ ఫ్లాష్‌బ్యాకు మొదటే అయిపోయింది, అది వీడిది కాదు, వీళ్ళ నాయనది. వీడు నిజంగానే సైకిలు తొక్కేవాడు. లోపల ఇంకెవరూ లేరు. 'మగధీర' (2009) తీసిన మరుసటి ఏడాదే అదే దర్శకుడు ఇట్లాంటి హీరోని నమ్మడం చిన్న విషయం కాదు.

అదే 2010 అక్టోబరులో 'రక్తచరిత్ర' వచ్చింది. పెనుకొండ ఎమ్మెల్యేగా చేసిన పరిటాల రవి జీవితం ఆధారంగా తీసినది. ఆయన్ని 2005 జనవరి 24న అనంతపురంలో చంపారు. ఆ రోజు నేను బెంగుళూరులో ఉన్నాను. బస్సులు తగలబడుతున్నాయని టీవీల్లో చూపిస్తున్నారు. అమ్మ ఫోన్ చేసి "ఈ వారం రావద్దు నాయనా, యాడుండేవాడివి ఆడనే ఉండు" అంది. ఆవిడ గొంతు వణకడం అప్పుడే మొదటిసారి విన్నాను. అందుకని సీమలో ఫ్యాక్షన్ లేదు, అంతా సినిమావాళ్ళ కల్పన అని నేను అనను. అంటే అబద్ధం అవుతుంది. మనుషులు చచ్చారు, ఆడవాళ్ళు బొట్లు చెరుపుకున్నారు.

నేననేది వేరే. కత్తి పట్టినవాళ్ళు ఒక ఊళ్ళో ఎంతమంది ఉంటారు? మిగతా ఊరంతా తలుపులేసుకుని భయపడినవాళ్ళే. వేరుశనక్కాయలు అమ్ముకోవాలి, పిల్లవాణ్ణి పరీక్షకి పంపాలి, బస్సు నడుస్తుందో లేదో చూసుకోవాలి. మా జిల్లాలో వాన పడడమే తక్కువ, ఆ పడిన వానకి విత్తనం వెయ్యకుండా ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఆ కోపం ఎవరి మీద చూపించాలి? ఈ భయపడే మనిషిని మొదటి షాటులో నిలబెట్టి "వీడే హీరో" అన్న సినిమా సీరియస్ సినిమాల్లో నాకు కనబడలేదు. కామెడీలోనే దొరికాడు. గడప దాటితే చస్తానని తెలిసి ఇంట్లోంచి కదలకుండా ఉండడానికి వంకలు వెతికే రాము నాకు సమరసింహారెడ్డి కంటే దగ్గరివాడు. అమ్మ ఫోన్ తరవాత నేను ఆ వారం ఇంటికి పోలేదు, అదీ సంగతి.

ఒక ఫిర్యాదు కూడా ఉంది, దాచుకోను. ఆ భయపడే మనిషిని కూడా హైదరాబాదు నుంచి దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఊళ్ళో ఉన్నవాళ్ళ చేతుల్లో మళ్ళీ అవే కత్తులు. హీరో పరిచయాన్ని తిరగేశారు గాని, ఊరి పరిచయాన్ని తిరగెయ్యలేదు. మొదటి ఐదు నిమిషాల్లో సీమ అంటే నెత్తురే. మా తాడిపత్రి వైపు నుంచి వెళ్ళిన కె.వి.రెడ్డి 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీశాడు. మన కడప జిల్లా సింహాద్రిపురం పద్మనాభం 1967లోనే 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' తీసి హీరోగా వేశాడు, బాలు గారు మొదటిసారి పాడింది ఆ సినిమాకే. అంటే తెలుగువాళ్ళని నవ్వించడం సీమవాళ్ళకి కొత్తేం కాదు. ఎప్పటికైనా మా ఊరివాడే, మా ఊళ్ళోనే, మా యాసలోనే భయపడి నవ్వించే సినిమా రావాలని నా కోరిక.

ఇంతకీ సినిమా అయిపోయి బయటికొచ్చాక నాయన అడిగిన మొదటి ప్రశ్న: "అంతా బాగుంది గాని, ఆ ఐదెకరాలు ఏమాయెరా?"

నిజమే! పెళ్ళి గొడవలో పడి ఆ భూమి సంగతి నేను మరిచేపోయాను. నాయన మరవలేదు. ఎందుకంటే మాకూ పెనుకొండ దగ్గర మూడెకరాల చిల్లర ఉంది, నాయనకీ చిన్నాయనకీ ఉమ్మడిగా. అందులో ఒక బోరు. ఆ బోరు ఎవరు వేయించారు, ఎవరు ముందు తడుపుకోవాలి అనే దగ్గర మాట పట్టింపు వచ్చింది. కత్తుల్లేవు, సుమోల్లేవు. మాటల్లేవు, అంతే. 2019 ఆగస్టులో ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. వేరుశనక్కాయ కూడా సరిగ్గా పండని నేలకి రేటు వచ్చింది. రేటు వచ్చాక మాట పట్టింపు ఇంకా గట్టిపడింది. నాయనా చిన్నాయనా ఒకరి మొహం ఒకరు చూసుకుని పదకొండేళ్ళు.

కిందటేడు బెంగుళూరులో ఫ్లాట్ కొనాలనుకుని, మా వాటా అమ్ముదామా అని నాయనని అడిగాను. "మీ చిన్నాయన సంతకం గావాల. నేను పోను. నువ్వు పో" అన్నాడు. చిన్నాయన ఉండేది ధర్మవరంలో, చిన్నమ్మ పుట్టింటివాళ్ళకి అక్కడ మగ్గాలున్నాయి. బండి పెనుకొండ దాటుతుంటే కిటికీలోంచి కొండ మీది కోట కనబడింది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్నది ఆ కోటలోనే. నేను మాత్రం భూమి అమ్ముకోవడానికి రైల్లో పోతున్నాను, అవతలి ఇంట్లో నా గురించి ఏమనుకుంటున్నారో తెలియదు. అప్పుడు గుర్తొచ్చాడు రాము. నవ్వూ వచ్చింది, కడుపులో దేవినట్టూ అయింది.

చిన్నమ్మ గడప దగ్గరే కాళ్ళకి నీళ్ళిచ్చింది. "ఎంత సన్నబడినావు రా" అంది (నేను తొంభై కిలోలు). ఓళిగలు చేసింది, నెయ్యి వద్దంటే వినలేదు. చిన్నాయన పక్కన కూర్చుని నా ఉద్యోగం, పిల్లల చదువు, ట్రంపు వీసాల గొడవ, అన్నీ అడిగాడు. భూమి మాట ఎత్తలేదు. నేను రెండుసార్లు ఎత్తబోతే "తిను ముందు" అన్నాడు. సాయంత్రం నన్ను రైలెక్కించడానికి స్టేషను దాకా వచ్చాడు. స్టేషను బయట టీ కొట్టు దగ్గర, గ్లాసు చేతికందగానే మొదలుపెట్టాడు. బోరుకి తను పెట్టిన డబ్బులు, మా నాయన అన్న మాటలు, తేదీలతో సహా. అరగంట! చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. నేను తలకాయ వంచుకుని విన్నాను. ఇంట్లో అన్ని గంటలున్నానే, ఒక్క మాట అనలేదు ఆ మనిషి.

రామినీడు ఇంటి గడప లోపల నెత్తురు చిందకూడదన్న నియమం చూసి, కథ కోసం పెట్టుకున్న వెసులుబాటు అనుకునేవాణ్ణి అన్నాళ్ళూ. కాదు. కత్తుల సంగతి తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఎందరో నాకు తెలియదు గాని, ఈ గడప సంగతి తెలియని ఇల్లు లేదు. ఫ్యాక్షన్ సినిమాలన్నీ పోగేసినా కనబడని మా ఇంటి పద్ధతి ఒక కామెడీ సినిమాలో కనబడింది.

చిన్నాయన టీ డబ్బులు తనే ఇచ్చాడు. బండి కదిలేముందు కిటికీ దగ్గరకొచ్చి "మీ నాయన్ని రమ్మను. ఆయప్ప ముందరే పెడతా సంతకం" అన్నాడు. ఆ మాట నాయనకి చెప్పాను. ఏమీ అనలేదు. "ఓళిగలు జేసిందా?" అని మాత్రం అడిగాడు. ఇంకా పోలేదు. నేనూ ఫ్లాట్ కొనలేదు. ఇప్పుడైతే సంతకం కంటే వాళ్ళిద్దరూ ఒకే గుమ్మంలో కూర్చుని ఓళిగలు తినడమే నాకు ముఖ్యమనిపిస్తోంది.

మరునాడు మా కుర్రాడికి 'మర్యాద రామన్న' మొదటి ఇరవై నిమిషాలు చూడమని చెప్పాను. చూసొచ్చి "సునీల్ భలే చేశాడన్నా! కానీ మీకూ దీనికీ ఏంటి సంబంధం?" అన్నాడు.

"ఆ సైకిలు తొక్కేవాడు మా ఊరివాడే" అన్నాను.